ఐరన్ షాపు సాఫ్ట్‌వేర్: రెండేళ్లయినా స్టాకు కలవట్లేదు, మొత్తం మళ్లీ రాయించాలా?

గాజువాక_గుంటడు:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదివి ఏం చేయాలో చెప్పండి.

మాది విశాఖలో గాజువాక ఆటోనగర్ వైపు ఐరన్, సిమెంటు హోల్‌సేల్ వ్యాపారం. తాతగారు పెట్టారు, ఇప్పుడు పెదనాన్న చూస్తున్నారు. పెందుర్తిలో ఒకటి, అనకాపల్లిలో ఒకటి బ్రాంచీలున్నాయి. నేను బెంగళూరులో మూడేళ్లు టెస్టింగ్ ఉద్యోగం చేసి వచ్చేశాను కాబట్టి కంప్యూటర్ అని పేరున్న ప్రతిదీ, ఆఖరికి ప్రింటర్లో పేపరు ఇరుక్కున్నా సరే, నా నెత్తినే పడుతుంది.

ఇంతకుముందు ఫాక్స్‌ప్రోలో ఎవరో రాసిచ్చిన ప్రోగ్రాం ఉండేది, నల్ల స్క్రీను మీద పచ్చ అక్షరాలు. రెండేళ్ల కిందట సిటీలోనే నలుగురున్న ఒక చిన్న టీంకి కొత్త సాఫ్ట్‌వేర్ ఇచ్చాం, మూడు షాపులూ ఒకే డేటాబేస్ మీద నడిచేలా. బిల్లింగ్ బాగానే ఉంది. గొడవంతా స్టాకు దగ్గర. ప్రతి నెలాఖరునా గోడౌన్‌లో లెక్కిస్తే 8 ఎంఎం, 10 ఎంఎం రాడ్లు కంప్యూటర్లో ఉన్నదానికంటే ఎక్కువ తేలుతున్నాయి, 12 ఎంఎం మాత్రం తక్కువ వస్తోంది. ఒక నెల కాదు, ప్రతి నెలా ఇదే వరస.

టీం వాళ్లని అడిగితే "డేటాబేస్ డిజైన్ మొదట్లోనే తేడా కొట్టింది, అప్పుడు మీరు సరిగ్గా చెప్పలేదు, ఇప్పుడు కొత్త టెక్నాలజీలో మొత్తం మళ్లీ రాస్తాం, 8 నెలలు, 11 లక్షలు" అంటున్నారు. పెదనాన్నేమో "ఆ పచ్చ అక్షరాల ప్రోగ్రామే నయం, అందులో ఏనాడూ తేడా రాలేదు" అంటారు. అంతకంటే పెద్ద టెన్షన్ ఏంటంటే 12 ఎంఎం తగ్గుతోంది కాబట్టి ఎవరో తీసేస్తున్నారని ఆయన అనుమానం, అది కూడా కాటా దగ్గర ఇరవై ఏళ్ల నుంచి ఉన్న మనిషి మీద. ఆయన నన్ను చిన్నప్పుడు సైకిల్ మీద స్కూల్లో దింపిన మనిషండీ. కెమెరాలు పెట్టమంటున్నారు ఇప్పుడు.

మళ్లీ రాయించమంటారా? లేక ఉన్నదాన్నే బాగుచేయించవచ్చా? ఇలాంటివి చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పాత_ఈడీపీ:

బాబూ, కెమెరాలు తర్వాత. ముందు నాకొకటి చెప్పు. రాడ్డు మీ దగ్గరికి తూకం మీద వస్తుందా, లెక్క మీద వస్తుందా? అమ్మేటప్పుడు ఎలా అమ్ముతారు? సాఫ్ట్‌వేర్‌లో స్టాకు ఏ యూనిట్‌లో ఉంది?

గాజువాక_గుంటడు:

కొనడం అంతా టన్నుల్లోనే అండీ, లారీ వేబ్రిడ్జి మీద తూచి. అమ్మడం రెండు రకాలు. కాంట్రాక్టర్లకి తూకం. ఇల్లు కట్టుకునేవాళ్లు, మేస్త్రీలు వచ్చి "పదిహేను రాడ్లు ఇవ్వండి" అంటే లెక్క. సాఫ్ట్‌వేర్‌లో కేజీలు ఒక్కటే ఉంది. ఐటెం మాస్టర్‌లో, అంటే సరుకుల వివరాల పట్టికలో, ఒక్కో సైజుకీ రాడ్డుకి ఎన్ని కేజీలో పెట్టారు, దాంతో మార్చేస్తుంది.

పాత_ఈడీపీ:

అదీ సంగతి. సగం జవాబు నువ్వే చెప్పేశావు.

రాడ్డు బరువు లెక్క నీకూ తెలిసే ఉంటుంది. మిల్లీమీటర్లలో ఉన్న వ్యాసాన్ని దాంతోనే హెచ్చవేసి 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కేజీలో వస్తుంది. 8 ఎంఎం అయితే 64ని 162తో భాగించు, 0.395. పన్నెండు మీటర్ల రాడ్డు 4.74 కేజీలు. మీ ఐటెం మాస్టర్‌లో ఉన్నది కచ్చితంగా ఈ అంకే అయివుంటుంది. కానీ ఇది పుస్తకంలో బరువు. మిల్లులో రోలింగ్ అయిన రాడ్డు అంతే తూగాలని లేదు. రాడ్లకున్న ఐఎస్ 1786 ప్రమాణమే 10 ఎంఎం దాకా ఏడు శాతం అటూ ఇటూ ఒప్పుకుంటుంది, ఆ పైన 16 దాకా ఐదు శాతం, అంతకంటే లావుకి మూడు.

ఇప్పుడు ఐదు టన్నుల 8 ఎంఎం లోడు వచ్చిందనుకో. మీ కంప్యూటరు 5000ని 4.74తో భాగించి 1,055 రాడ్లు అనుకుంటుంది. ఆ లాటు నాలుగు శాతం తేలిగ్గా ఉంటే నిజంగా దిగినవి 1,099. నలభై నాలుగు రాడ్ల తేడా ఒక్క లారీలో, ఎవడూ ఒక్క రాడ్డు ముట్టుకోకుండా. మీరు వాటిని లెక్క మీద అమ్ముతుంటే ప్రతి రాడ్డుకీ కంప్యూటరు 4.74 కేజీలు తీసేస్తుంది, దాని దగ్గర స్టాకు సున్నా అయ్యేసరికి గోడౌన్‌లో ఇంకా నలభై నాలుగు పడి ఉంటాయి. 8 ఎంఎం ఎక్కువ తేలుతోందన్నావు చూడు, అదిదే.

దీనికి మొత్తం తిరగరాయక్కర్లేదు. రెండు అంకెలూ రాసుకోవాలి. లారీ దిగినప్పుడు కేజీలూ రాయాలి, రాడ్లూ రాయాలి. అమ్మినప్పుడూ అంతే. ఏది తూచారో అది కేజీల గడిలోకి, ఏది లెక్కపెట్టారో అది రాడ్ల గడిలోకి, కొలవనిదాన్ని అంచనా అని గుర్తుపెట్టి ఉంచాలి. ఒకదాన్నుంచి రెండోది లెక్కగట్టేసి అదే జరిగినట్టు దాచుకున్నారు చూడు, అక్కడ చెడింది. నేను ఇరవై ఎనిమిదేళ్లు ఈ పనే చేశాను, కంప్యూటర్ సెక్షన్ని ఈడీపీ డిపార్టుమెంటు అని పిలిచే రోజుల నుంచి. బియ్యం బస్తాలు, చేపల పెట్టెలు, కేబుల్ చుట్టలు, ఏ సరుకైనా నేను చూసిన గొడవల్లో సగం ఇదే. జరిగిందాన్ని రాసుకోరు, జరిగి ఉంటుందనుకున్నదాన్ని రాసుకుంటారు.

ఇంకోటి. నిల్వ అనే అంకెని ఒక గడిలో పెట్టి అమ్మినప్పుడల్లా తగ్గించడం, వచ్చినప్పుడల్లా పెంచడం చేస్తున్నారేమో చూడు. అలా అయితే తేడా ఎప్పుడు వచ్చిందో ఎప్పటికీ దొరకదు. వచ్చిందీ పోయిందీ వరసగా పద్దులుగా రాస్తూ పోవాలి, మన దుకాణాల చిట్టా ఆవర్జా ఎలా ఉంటుందో అలా. తేడా వస్తే అంకె దిద్దకూడదు, "కాటా తేడా" అని ఇంకో పద్దు పడాలి, ఎవరు వేశారో పేరుతో సహా.

పాత ఫాక్స్‌ప్రోలో ఏనాడూ తేడా రాలేదన్నారు కదా పెదనాన్నగారు. నాకో అనుమానం ఉంది, అడిగి చూడు: నెలాఖరున గోడౌన్‌లో లెక్కించిన అంకెనే అందులో కొట్టేసేవారా అని.

రుషికొండ_కోడర్:

అన్నా, మీ అనుభవం మీద గౌరవం ఉంది కానీ ఇది ఒప్పుకోలేను. రెండేళ్ల కోడ్, ఒక్క క్వాంటిటీ కాలమ్ మీద కట్టిన బిల్లింగూ రిపోర్టులూ అన్నీ, వాటిలో ఇప్పుడు రెండో కాలమ్ దూర్చడం అంటే ప్రతి స్క్రీనూ ముట్టుకోవాలి. ఆ పని చేసేవాడికి తెలుస్తుంది నరకం. మళ్లీ రాస్తామనడంలో వాళ్ల తప్పేం లేదు. పైగా ప్రతిదీ పద్దులుగా పెట్టి నిల్వ కావాల్సినప్పుడల్లా మొదట్నుంచీ కూడితే కౌంటర్ దగ్గర స్క్రీను తిరుగుతూనే ఉంటుంది. నా సలహా ఒకటే, స్టాకు సున్నా కంటే కిందకి పోకుండా డేటాబేస్‌లోనే కన్‌స్ట్రెయింట్, అంటే ఒక అడ్డు, పెట్టించండి. తప్పు ఎంట్రీలు అక్కడే ఆగిపోతాయి.

పాత_ఈడీపీ:

కూడికకి ఎంత అవుతుందో లెక్కేద్దాం తమ్ముడూ. మూడు షాపులూ కలిపి రోజుకి రెండొందల బిల్లులు, బిల్లుకి నాలుగు లైన్లు, ఏడాదికి మూడొందల రోజులు. 2 లక్షల 40 వేల లైన్లు. ఏ డేటాబేస్ అయినా ఇండెక్స్ సరిగ్గా ఉంటే దీన్ని చూసి నవ్వుతుంది. కావాలంటే నెలకోసారి నిల్వ తీసి పక్కన పెట్టుకో, అక్కడి నుంచి కూడు.

తిరగరాయడం గురించి ఒక మాట. హెర్షీ అని అమెరికాలో పెద్ద చాక్లెట్ కంపెనీ. పాత సిస్టమ్స్ అన్నీ తీసేసి మూడు కొత్త ప్యాకేజీలు ఒకేసారి దింపారు, నాలుగేళ్లు పడుతుందనుకున్న పనిని రెండున్నరేళ్లకి కుదించి. 1999 జులైలో మొదలెట్టారు. అక్కడ అక్టోబరు చివర్న హాలోవీన్, చాక్లెట్లకి మనకి సంక్రాంతికి బట్టల్లాంటి సీజన్. గోడౌన్ల నిండా సరుకుంది, ఆర్డర్లున్నాయి, పంపడం చేతకాలేదు, సుమారు పది కోట్ల డాలర్ల ఆర్డర్లు తీర్చలేకపోయారు. వాళ్లకి డబ్బుంది, తట్టుకున్నారు. ఈ అబ్బాయి వాళ్ల షాపు మూడు వారాలు బిల్లు కొట్టలేకపోతే మేస్త్రీలు పక్క షాపుకి పోతారు, మళ్లీ రారు.

స్క్రీన్లన్నీ ముట్టుకోవాలన్నావు, నిజమే. ఒక్కొక్కటిగా ముట్టుకోవచ్చు. ముందు లారీ దిగే స్క్రీను ఒక్కటి మార్చు, అది ఒక బ్రాంచిలో నెల రోజులు నడవనీ.

జమాఖర్చు:

నేను ద్వారకానగర్‌లో ఒక ఆడిటరుగారి దగ్గర పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను, కోడింగ్ తెలీదు, కానీ మీ కోడింగ్ వల్ల వచ్చే కష్టాలన్నీ మార్చిలో మా టేబుల్ మీదకే వస్తాయి కాబట్టి మాట్లాడే హక్కు ఉందనుకుంటున్నాను.

కోడర్ తమ్ముడూ, స్టాకు సున్నా కిందకి పోనివ్వకూడదు అన్నావు కదా, అది పెట్టిన చోట ఏం జరుగుతుందో నేను కళ్లారా చూశాను. మా క్లయింటు ఒకాయనది శానిటరీ షాపు. రాత్రి లోడు దిగుతుంది, కొనుగోలు బిల్లు ఎంట్రీ చేసే అమ్మాయి పొద్దున్న పదిన్నరకి వస్తుంది. ఎనిమిదింటికే కస్టమరు నిలబడి ఉంటాడు. సరుకు కళ్ల ముందు ఉంది, కంప్యూటరేమో లేదంటుంది. కౌంటర్లో అబ్బాయి ఏం చేస్తాడు? అలాంటిదే ఇంకో ఐటెం, స్టాకు ఉన్నది, దాని పేరు మీద బిల్లు కొట్టి రేటు సర్దేస్తాడు. సరుకు పోతుంది, కస్టమరు సంతోషంగా వెళ్తాడు, కంప్యూటరూ సంతోషంగానే ఉంటుంది. ఏడాది చివర్న నేను ఏడుస్తాను. ఫోన్ నంబరు తప్పనిసరి అని పెట్టిన ఇంకో చోట చూస్తే నాలుగు వేల మంది కస్టమర్లకి ఒకటే నంబరు, పది తొమ్మిదులు.

గాజువాక బాబూ, మీ దాంట్లో ఇలాంటి అడ్డు ఏమైనా ఉందేమో చూడండి. 10 ఎంఎం ఎక్కువ, 12 ఎంఎం తక్కువ అన్నప్పుడే నాకు అనుమానమొచ్చింది. అంటే 12 ఇచ్చి 10 అని బిల్లు కొట్టినా సరిగ్గా ఇదే వస్తుంది కదా.

ఇంకా, సిమెంటు కూడా అమ్ముతామన్నారు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది కదా, ఆ రోజు మీ సాఫ్ట్‌వేర్‌లో ఏం చేశారు? ఐటెం మాస్టర్‌లో 28 చెరిపి 18 వేసి ఊరుకున్నారా? అలా అయితే ఆగస్టు బిల్లు ఒకటి ఇప్పుడు మళ్లీ ప్రింట్ తీసి చూడండి. మా క్లయింట్లలో ఇద్దరికి పాత బిల్లులన్నీ రాత్రికి రాత్రి 18 శాతం అయిపోయాయి, కట్టిన పన్నుకీ బిల్లుకీ పొంతన లేదు. అప్పుడు 28తో అమ్మిన బస్తాలు వెనక్కొస్తే క్రెడిట్ నోటు కూడా 28తోనే ఇవ్వాలి, ఆ అంకె ఎక్కడా మిగల్లేదు వాళ్ల దగ్గర. బిల్లు కొట్టిన రోజు రేటు ఆ బిల్లు లైన్లోనే ఉండిపోవాలి, మాస్టర్‌ని మళ్లీ చూడకూడదు. ఇది చెప్పడానికి నేను ఇంజినీర్ని కానక్కర్లేదు, పాత కాగితం బిల్లుబుక్కులో ఉన్నదదే.

బిల్లు నంబర్లు కూడా ఒకసారి చూడండి. వరసగా ఉండాలి, 16 అక్షరాలు దాటకూడదు, ఆర్థిక సంవత్సరంలో మళ్లీ అదే నంబరు రాకూడదు. మధ్యలో నంబర్లు మాయమైతే ఆడిటరు అడుగుతారు, "సిస్టమ్ అలా ఇచ్చిందండీ" అంటే వినరు.

రెండో_షిఫ్ట్:

పైన అక్క చెప్పిన నంబర్ల సంగతి మాకు బాగా తెలిసినదే. నేను డీబీయేని, అంటే డేటాబేస్‌లు చూసుకునే పని, మధురవాడ నుంచి రాత్రి షిఫ్టులు. డేటాబేస్ తనంతట తాను ఇచ్చే నంబరుంటుంది కదా, ఆటో ఇంక్రిమెంట్, సీక్వెన్స్ అంటాం, అది ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోదు. బిల్లు సేవ్ అవుతుండగా కరెంటు పోయి మొత్తం వెనక్కి వెళ్లినా నంబరు మాత్రం పోయినట్టే. లోపల వాడుకోవడానికి అది చాలు. బిల్లు మీద ప్రింటయ్యే నంబరు మాత్రం వేరే ఉండాలి, బ్రాంచికొక వరస, బిల్లు ఖాయమయ్యే ఆఖరి క్షణంలో ఆ సేవ్‌తో పాటే, అదే ట్రాన్సాక్షన్‌లో తీసుకోవాలి. క్యాన్సిల్ చేసినా ఆ బిల్లు చెరగకూడదు, "రద్దు" అని పడి ఉండాలి. ఐదు కోట్లు దాటిన టర్నోవర్‌కి 2023 ఆగస్టు నుంచి ఈ-ఇన్‌వాయిస్ ఎలాగూ ఉంది, ఒకసారి ఆ ప్రభుత్వ పోర్టల్లో బిల్లు నమోదయ్యాక 24 గంటలు దాటితే రద్దు చేయడమూ కుదరదు, మీ డేటాబేస్‌లో డిలీట్ కొట్టినంత మాత్రాన ఏమవుతుంది.

కానీ నేను అడగాలనుకున్నది వేరే. మీ డేటాబేస్ ఎవరి సర్వర్లో ఉంది? అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది? సోర్స్ కోడ్ మీకు ఇచ్చారా? ఈ మూడింటికీ "టీం వాళ్ల దగ్గర" అనే జవాబైతే తిరగరాయడం గురించి బేరం ఆడే స్థితిలో మీరు లేరు. ముందు అవి తీసుకోండి, మర్యాదగానే, "ఆడిటరుగారు అడుగుతున్నారు" అని చెప్పి.

బ్యాకప్ ఉందా అంటే అందరూ ఉందనే అంటారు. ఆ బ్యాకప్‌ని ఇంకో మెషీన్లో పెట్టి తెరిచి చూశారా అని అడగండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే కంపెనీ అది, ఒక ఇంజినీరు రాత్రి పొద్దుపోయాక వేరే సర్వరనుకుని అసలు సర్వర్లో డేటాని తుడిచేశాడు. ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లున్నాయి వాళ్లకి, అవసరానికి ఒక్కటీ సరిగ్గా పనిచేయలేదు. ఒకటైతే వెర్షన్ తేడా వల్ల ఫెయిలవుతూ ఉంది, ఫెయిలైందని చెప్పే మెయిళ్లేమో మెయిల్ సర్వరు తిప్పికొట్టేసింది, కాబట్టి ఎవరికీ తెలీలేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు తీసిన కాపీ ఒకటి దొరికింది. అంత పెద్దవాళ్లకే అలా అయింది.

టాపిక్‌కి కొంచెం పక్క: కస్టమర్ల పేర్లు తెలుగులో కొడుతున్నారా? కంప్యూటరు అక్షరాలు దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం మూడు బైట్లు, గుడికీ కొమ్ముకీ కూడా విడివిడిగా మూడేసి, ఒత్తుకైతే ఆరు. శ్రీనివాసరావు అని రాస్తే మనకి కనబడేది ఆరు అక్షరాలే, లోపల 39 బైట్లు. ముప్పై బైట్ల గడి పెట్టి అందులో పట్టినంత నరికే ప్రోగ్రాం ఒకటి చూశాను, బిల్లు మీద "శ్రీనివాసర" అని పడేది. ఆయన ఎంత ఓపికమంతుడో, ఏడాదిపాటు ఏమీ అనలేదు.

పాత_ఈడీపీ:

బ్యాకప్ అంటే గుర్తొచ్చింది. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుఫాను. నేనప్పుడు చేస్తున్న చోట రోజూ రాత్రి బ్యాకప్ తీసేవాళ్లం, ఒక్కరోజు మానలేదు, రిజిస్టర్లో సంతకం కూడా ఉండేది. తీసిన డిస్కు సర్వరు పక్క అల్మారాలోనే పెట్టేవాళ్లం. గది కిటికీలు సముద్రం వైపు. ఇంక చెప్పేదేముంది. కరెంటు వచ్చి, రోడ్ల మీద చెట్లు తీసి, మేం వెళ్లి తలుపు తీసేసరికి సర్వరూ డిస్కూ రెండూ ఒకే నీళ్లలో ఉన్నాయి. మూడు నెలల ఓచర్లు కాగితాలు చూసి మళ్లీ కొట్టాం, అవి రెండో అంతస్తులో ఇనప్పెట్టెలో ఉండబట్టి. మీ మూడు షాపులూ మూడు ఊళ్లలో ఉన్నట్టే కదా, ఒకదాని కాపీ ఇంకోదాంట్లో పెట్టుకో బాబూ, అదేమీ ఖర్చు కాదు.

జమాఖర్చుగారు చెప్పిన రేటు లాంటిదే ఇంకోటి. అనకాపల్లి 2022 ఏప్రిల్ 4న వేరే జిల్లా అయింది. జిల్లా పేరు కస్టమరు మాస్టర్లో ఉండి, దాన్ని ఒక్క అప్‌డేట్‌తో మార్చేసినవాళ్లకి 2019 అమ్మకాలు కూడా అప్పటికి లేని జిల్లాలో చూపించింది. పెద్ద నష్టమేం లేదు, మేనేజర్లు మీటింగులో ఒక పూట కొట్టుకున్నారంతే.

రుషికొండ_కోడర్:

సరే, నెగటివ్ స్టాకు విషయంలో అక్క చెప్పింది నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. ఆపకుండా వదిలేసి, మైనస్‌లోకి వెళ్లినవి సాయంత్రం లిస్టు తీసి చూపిస్తే సరిపోతుందేమో. తిరగరాయడం మీద మాత్రం నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. కోడ్ చూడకుండా ఎవరం చెప్పలేం. డబ్బుని ఫ్లోట్‌లో (ఉజ్జాయింపుగా దాచేది) పెట్టారా డెసిమల్‌లో (ఉన్నదున్నట్టు దాచేది) పెట్టారా కూడా చూడండి. ఫ్లోట్‌లో 0.1కి 0.2 కలిపితే కచ్చితంగా 0.3 రాదు, వేల బిల్లులు కూడాక పైసలు తేలతాయి. అది అలా ఉంటే మిగతా కోడ్ ఎలా రాసి ఉంటారో ఊహించుకోవచ్చు.

గాజువాక_గుంటడు:

క్షమించాలి, పది రోజులైంది. ఇక్కడ చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా చూస్తూ వచ్చాను.

ముందు పెదనాన్నని అడిగాను, ఫాక్స్‌ప్రోలో నెలాఖరున ఏం చేసేవారని. "ఏముంది, గోడౌన్ లెక్క తెచ్చి అందులో కొట్టేవాళ్లం" అన్నారు. అన్నాక ఆయనే ఆగి, నవ్వేశారు. తేడా రాకపోవడమేంటో అప్పుడర్థమైంది ఇద్దరికీ.

తర్వాత జమాఖర్చుగారి అనుమానం. మా దాంట్లో ఆ అడ్డు ఉంది, పెట్టమని అడిగింది నేనే అని టీం వాళ్లు పాత వాట్సాప్ మెసేజి చూపించారు, సిగ్గేసింది. బిల్లు లైన్లని గంటల వారీగా తీసి చూశాను. 10 ఎంఎం అమ్మకాలు పొద్దున్న ఎనిమిది నుంచి పదిన్నర మధ్య మిగతా రోజంతటికంటే రెట్టింపు ఉన్నాయి, మా కొనుగోలు ఎంట్రీలు పడేది పదకొండుకి. కౌంటర్లో తమ్ముణ్ణి పక్కకి పిలిచి టీ ఇప్పించి అడిగితే "పన్నెండు లేదని చూపిస్తంది అన్నా, కస్టమర్ని పంపేయమంటావా" అన్నాడు. మాకెవరికీ ఎందుకు చెప్పలేదంటే, "చెప్తే ఆ పద్ధతి కూడా ఆపేస్తారని" అన్నాడు. తప్పు వాడిది కాదని నాకే అనిపించింది.

ఇంక రాడ్ల సంగతి. శనివారం కాటా దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. కంప్యూటరు బల్ల మీద పక్కకి జరిపి ఉంది, ఆయన ముందు ఎర్ర అట్ట పొడుగు నోటు బుక్కు ఉంది. తెరిచి చూస్తే ప్రతి లారీకీ నంబరు, లోడు తూకం, ఖాళీ తూకం, కట్టలెన్ని, రాడ్లెన్ని, చివర్న ఆయన సంతకం. రెండేళ్లవీ ఉన్నాయి, ఐదు బుక్కులు. ఇదంతా ఎందుకు రాస్తున్నావు మావయ్యా అంటే "మీ కంపూటర్ల రాడ్ల లెక్క అడగనేదు కదా బాబూ, రేపెవులైనా అడిగితే నానేటి చెప్తాను, అందుకే నా బుక్కులో ఎట్టుకున్నాను" అన్నాడు.

ఒక లోడు తీసి చూశాను. 8 ఎంఎం, నికరం 6,020 కేజీలు. సాఫ్ట్‌వేర్ లెక్కన 1,270 రాడ్లు. బుక్కులో 1,316. నలభై ఆరు తేడా, మూడున్నర శాతం, మీరు చెప్పిన ఏడు లోపలే. ఇంకా పదకొండు లోడ్లు తీశాను, రెండు తప్ప అన్నీ తేలిగ్గానే వచ్చాయి. ఆ పేజీలు ఫోటో తీసి పెదనాన్నకి చూపించాను, కెమెరాల మాట మళ్లీ ఎత్తలేదు. మావయ్యకి అయితే ఈ అనుమానం సంగతే తెలీదు, తెలియనివ్వను కూడా.

ఆగస్టు సిమెంటు బిల్లు మళ్లీ ప్రింట్ తీశాను. 18 శాతం పడింది. దేవుడి దయవల్ల పాత పీడీఎఫ్‌లు మెయిల్లో ఉన్నాయి. పాస్‌వర్డ్, కోడ్ రెండూ టీం దగ్గరే ఉన్నాయి, అడిగాను, వచ్చే వారం ఇస్తామన్నారు.

ఇప్పుడు వాళ్లతో మాట్లాడుకున్నది ఇది: తిరగరాయడం పక్కన పెట్టాం. ముందు లోడు దిగే స్క్రీనులో రాడ్ల గడి, కాటా దగ్గరే కొట్టేలా, పెందుర్తిలో ఒక నెల. సున్నా అడ్డు తీసేసి సాయంత్రం లిస్టు. తర్వాత బిల్లు లైన్లో పన్ను రేటు. దీనికి లక్షా అరవై వేలు అడిగారు. ఇవయ్యాక మిగతాది చూద్దామన్నాను.

ఒక్క డౌటు మిగిలింది. ఆ ఐదు బుక్కుల్లో ఉన్న పాత లోడ్లన్నీ కూర్చుని ఎక్కించమంటారా, లేక ఏప్రిల్ 1 నుంచి కొత్తగా మొదలెట్టి పాత తేడా ఒక్క పద్దుగా వేసేయమంటారా?

జమాఖర్చు:

ఏప్రిల్ 1. మార్చి 31 రాత్రి గోడౌన్‌లో లెక్కపెట్టించండి, తూకమూ లెక్కా రెండూ, కాగితం మీద మీరూ పెదనాన్నగారూ సంతకం పెట్టండి. తేడా ఒక్క పద్దు. ఆ కాగితం మాత్రం మీ ఆడిటరుగారికి ముందే చూపించండి, తర్వాత కాదు. సెప్టెంబరు 22కి ముందు అమ్మిన సిమెంటుకి క్రెడిట్ నోట్లేమైనా 18తో ఇచ్చేశారేమో కూడా వెతికి ఉంచండి, అది వేరే పని.

పాత_ఈడీపీ:

నేనూ అదే అంటాను, కానీ బుక్కులు పారేయకు. కొత్త స్క్రీను గీసేటప్పుడు టీం వాళ్లని ఆఫీసులో కూర్చోబెట్టకుండా ఆ ఎర్ర బుక్కు ముందు కూర్చోబెట్టు. ఆయన గడులు ఏ వరసలో గీసుకున్నాడో ఆ వరసలోనే స్క్రీనూ ఉండాలి, లారీ నంబరు ముందు, రాడ్లు ఆఖర్న. వరస మార్చారంటే ఆయన మళ్లీ బుక్కులోనే రాస్తాడు.

గాజువాక_గుంటడు:

సోమవారం టీం అబ్బాయిని కాటా దగ్గరికే రమ్మన్నానండీ. మావయ్యకి చెప్తే "ఎండగుంటది, టోపీ తెచ్చుకోమను" అన్నాడు.